ఇంటింటికీ వెళ్ళి పిలిచిన సెక్రటరీ గారు

సూర్యప్రకాశరావు గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. క్రితం వారం మంగళవారం ఉదయం ఆరున్నరకు నేను క్లబ్బు అరుగు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాను. గంగరాజు గేటు దగ్గర సైకిలు దిగి, లోపలికి రాకుండా అక్కడే నిలబడిపోయాడు. వస్తూ వస్తూనే ఎవరినో ఒకరిని ఆటపట్టించే మనిషి అతడు. ఏంటి గంగరాజూ, ఆటకి రావా అన్నాను.

"సెక్రటరీ గారు పోయారండి, తెల్లారగట్ల" అన్నాడు.

మూడేళ్ళుగా ఆ క్లబ్బుకి సెక్రటరీని నేనే. రిజిస్టర్లో నా పేరుంది, తాళాలు నా జేబులో ఉన్నాయి. అయినా గంగరాజు ఎవరి గురించి చెబుతున్నాడో నాకు క్షణమైనా సందేహం కలగలేదు. ధవళేశ్వరంలో సెక్రటరీ గారంటే ఆయనే. ఎన్నికలో ఓడిపోయాక కూడా ఆయనే. నన్ను ఊరంతా మాస్టారనే పిలిచింది, హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి. ఆ పిలుపులో ఉన్న న్యాయం నాకు ఆ ఉదయం ఒక కాలికి బూటుతో, ఒక కాలికి లేకుండా కూర్చున్నప్పుడు బోధపడింది. నలభైకి దగ్గరపడ్డవాణ్ణి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆయన్ని ఎరిగినవారు మన్నించాలి, ఎరగనివారి కోసం నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. డెల్టా కాలవలు, లాకులు, తూములు ఆయన చేతి గీతల్లో ఎన్నిసార్లు పారాయో ఎవరూ చెప్పలేరు. బక్కపలచని దేహం, చామనఛాయ, సుద్ద రాసి తెల్లగా ఉంచుకున్న కాన్వాసు బూట్లు, మోకాలి కింద మడిచిన ప్యాంటు. తాడు పట్టకుండా, ఒక డబ్బాలో ముగ్గుపిండి పోసుకుని, కోర్టు గీతలు తిన్నగా వేసేవారు. బాల్ బ్యాడ్మింటన్‌లో మాత్రం, గురువుగారని అబద్ధం చెప్పకూడదు, ఆయన సామాన్యుడు. వెనక వరసలో నిలబడి వచ్చిన ఉన్ని బంతినల్లా తిప్పి పంపేవారు, అంతే. కానీ తన బంతి గీత దాటితే ఎదుటివాళ్ళకంటే ముందు తానే "అవుట్" అనేవారు. అలాంటి మనిషిని జట్టులో ఉంచుకుని గెలవడం ఎంత కష్టమో ఆయనతో ఆడినవాళ్ళకే తెలుసు.

ఆయన సెక్రటరీ అయిన రోజుల్లో కాలవగట్టు మీది మా క్లబ్బు పేరుకే క్లబ్బు. ఒక పెంకుల షెడ్డు, రెండు కోర్టులు, పట్టుమని పదకొండు మంది సభ్యులు. వర్షాకాలం కోర్టులో మనుషులకంటే పాములు ఎక్కువ తిరిగేవట. అందరూ మాకొద్దంటే ఆ బాధ్యత ఆయన నెత్తిన పడింది. పద్దెనిమిదేళ్ళ తరువాత దిగిపోయేనాటికి నూటయాభై మంది సభ్యులున్నారు. ఇది ఎలా సాధ్యమైందని ఎవరైనా అడిగితే, "అడగనిదే అమ్మైనా పెట్టదండి. నేను అడిగాను" అనేవారు.

నిజంగానే అడిగారు. ఏటా సర్వసభ్య సమావేశానికి ముందు పది రోజులు ఆయన ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళేవారు కాదు. సైకిలెక్కి ఇంటింటికీ తిరిగేవారు. సమావేశం నోటీసుకు నాలుగు మూలలా పసుపు రాసి, పెళ్ళి శుభలేఖలాగా రెండు చేతులతో ఇచ్చేవారు. లోపలి నుంచి ఇంటావిడను కూడా పిలిచి, "అమ్మా, ఆదివారం సాయంత్రం ఈయన్ని ఏ పనికీ పంపకండి" అని చెప్పి మరీ కదిలేవారు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఇది చూసి నవ్వాను.

"ఏంటండీ ఇది, పెళ్ళికి పిలిచినట్టు?" అన్నాను.

"పెళ్ళికి నువ్వు రాకపోయినా పెళ్ళి ఆగదయ్యా మూర్తీ. మీటింగుకి నువ్వు రాకపోతే మీటింగే లేదు. ఏది పెద్ద పిలుపు?" అన్నారు.

మూడో వంతు సభ్యులు హాజరైతేనే కోరం అన్న నిబంధన ఆయన రాసిందే. ఒక ఏడు ఇద్దరు తక్కువయ్యారు. ఎవరో ఇద్దరి పేర్లు రాసేసి కానిచ్చేద్దామన్నారు, వాళ్ళు ఎలాగూ కాదనేవాళ్ళు కాదు. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, "రానివాణ్ణి వచ్చాడని రాస్తే, వచ్చినవాడికి విలువేం మిగులుతుంది?" అని సైకిలెక్కి వెళ్ళి ఆ ఇద్దరినీ తీసుకొచ్చారు. ఒకాయన లుంగీతోనే వచ్చాడు.

రాని సభ్యుడంటే ఆయనకు మహా ప్రీతి. మా ప్లీడరు నరసింహం గారు ఒక ఆటలో గీత దగ్గర పడ్డ బంతి గురించి తగాదా పడి, మూడేళ్ళు క్లబ్బు ముఖం చూడలేదు. సూర్యప్రకాశరావు గారు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆయన వీధి అరుగు మీద కూర్చుని వచ్చేవారు. ప్లీడరు గారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఈయన పేపరు వెనక వైపు వార్తలు చదువుకుని లేచి వచ్చేసేవారు. మూడో ఏట ఒకనాడు ప్లీడరు గారే పేపరు దించి, "ఇంతకీ ఆ బంతి లోపల పడిందా, బయట పడిందా, మీరు చెప్పండి" అన్నారు. "బయటేనండి. తప్పు మీదే. రేపు సాయంత్రం వస్తున్నారు కదా" అన్నారు ఈయన. మర్నాడు ప్లీడరు గారు రాకెట్టుతో వచ్చారు. రాజీ కోసం కూడా గీతను జరపని మనిషి సూర్యప్రకాశరావు గారు.

గంగరాజు క్లబ్బులో చేరిన సంగతి కూడా చెప్పాలి. వాళ్ళది గోదావరి మీద వేట చేసుకునే కుటుంబం. పొద్దున్నే మార్కెట్లో చేపల వ్యాపారం, సాయంత్రం లాకుల దగ్గర నిలబడి మా ఆట చూసేవాడు. ఒకనాడు సెక్రటరీ గారు గేటు తీసి, చూస్తూ ఎన్నాళ్ళుంటావయ్యా, లోపలికి రా అన్నారు. సభ్యత్వ దరఖాస్తు మీద ప్రతిపాదించేవారి చోట తానే సంతకం పెట్టారు. కమిటీలో ఒకరిద్దరు గొంతు తగ్గించి, నీచు వాసన గురించి ఏదో అన్నారు. ఆయన నెమ్మదిగా, "అతను పని ముగించుకుని, కాలవలో స్నానం చేసి, ఉతికిన బనీను వేసుకుని వస్తాడండి. మనం ఆఫీసుల నుంచి తిన్నగా వచ్చేస్తున్నాం. వాసన ఎవరిదో ఆలోచించండి" అన్నారు. ఆ తరువాత ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పద్దెనిమిదేళ్ళూ ఆయన ఎన్నిక ఏకగ్రీవమే. లోకంలో ఏకగ్రీవాన్ని గౌరవంగా చెప్పుకుంటారు. ఆయనకది ముల్లు. ప్రతి ఏడూ నామినేషన్ల రోజు సాయంత్రం ఐదింటిదాకా బల్ల దగ్గర కూర్చుని, మరెవరూ రాలేదని తేలాక, దిగులుగా రిజిస్టరు మూసేవారు. "పోటీ లేదంటే అందరికీ నేనంటే ఇష్టమని కాదయ్యా. క్లబ్బు ఎవరికీ పట్టలేదని" అనేవారు. నా వైపు చూసి, "పోనీ నువ్వు నిలబడరాదూ" అని నవ్వేవారు. డిగ్రీ చదివే రోజుల్లో అడ్డదిడ్డంగా బంతిని బాదుతూ తిరిగేవాణ్ణి. నా మణికట్టు పట్టుకుని, బంతిని కొట్టడం కాదు, ఖాళీ ఎక్కడుందో చూడడం ఆట అని నేర్పింది ఆయన. ఆయన నవ్వులాటకు అన్న మాటను నేను ఒక రోజు నిజం చేశాను. ఖాళీ చూసుకునే కొట్టాను.

రెండు వేల సంవత్సరం దాటాక క్లబ్బులో కొత్త సభ్యులు చేరారు. రైసుమిల్లు శేషగిరి గారు వాళ్ళకు పెద్ద. రెండో కోర్టు మీద షెడ్డు వేసి, పేకాటకు గదులు, ఫంక్షన్లకు హాలు కట్టాలని వాళ్ళ ఆలోచన. ఆయన ఉండగా అది జరగదని వాళ్ళకు తెలుసు. "కొత్త నీరు రావాలండి మాస్టారూ. మీలాంటి చదువుకున్న కుర్రాళ్ళు ముందుకు రావాలి" అన్నారు శేషగిరి గారు, నన్ను కారులో కూర్చోబెట్టుకుని. నాకప్పుడు ముప్ఫై అయిదేళ్ళు, కుర్రాడినని అనిపించుకోవడం తీపిగానే ఉంది. ఫ్లడ్‌లైట్లు, సిమెంటు కోర్టు, జిల్లా స్థాయి పోటీలు, ఇవన్నీ నేనే చేస్తానని నాకు నేను చెప్పుకున్నాను. షెడ్డు మాట తరువాత చూద్దాంలే అనుకున్నాను. నేను చెడ్డవాణ్ణి కాను. కళ్ళు నెత్తికెక్కాయి, అంతే.

మా క్లబ్బు ఆచారం ప్రకారం నామినేషన్ పత్రం సెక్రటరీ గారి చేతికే ఇవ్వాలి. ఆయన మీద పోటీ చేస్తున్నానని ఆయన చేతికే ఇవ్వాలి. ముందుగా ఒక మాట చెప్పడానికి ముఖం చెల్లక, చివరి రోజు అయిదుకు ఇంకో పావుగంట ఉందనగా వెళ్ళాను. శేషగిరి గారి కారు నన్ను గేటు దగ్గర దించి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, కాగితం పైనుంచి కిందికి ఒకటికి రెండుసార్లు చదివారు. ఆ రెండు నిమిషాలు నేను ఆయన సుద్ద బూట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.

"మూర్తీ, బలపరిచేవాళ్ళ సంతకం లేదు" అన్నారు.

శేషగిరి గారి బావమరిది పెడతానన్నాడు. పెట్టకుండానే తణుకు వెళ్ళిపోయాడు. నేను చూసుకోలేదు. లెక్కల మాస్టారి తెలివి అది.

"అయిదు దాటితే నేను తీసుకోకూడదు. నా సైకిలు తీసుకెళ్ళు. లాకుల దగ్గర గంగరాజు ఉంటాడు, పెట్టించుకురా."

"గంగరాజు నాకు పెట్టడండి. అతను మీ మనిషి."

"క్లబ్బులో నా మనిషి, నీ మనిషి ఏంట్రా. నేను పంపానని చెప్పు. కానియ్, టైమైపోతోంది."

ఆయన సైకిలు మీద, ఆయన మీద పోటీకి సంతకం కోసం, కాలవగట్టు వెంట తొక్కుకుంటూ పోయాను. గంగరాజు వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి విని వల పక్కన పెట్టాడు. "ఇది మీకోసం కాదండి మాస్టారూ. ఆయన పంపారు కాబట్టి" అని సంతకం పెట్టి కాగితాన్ని నా వైపు జరిపాడు. అయిదుకు మూడు నిమిషాల ముందు రొప్పుతూ వచ్చాను. ఆయన పత్రం తీసుకుని, రిజిస్టర్లో సమయం వేసి, కూజాలోంచి గ్లాసుడు మంచినీళ్ళు వంచి నాకిచ్చారు. ఆ నీళ్ళు తాగుతున్నప్పుడైనా నేను ఆ కాగితం చింపేసి ఉండాల్సింది. తాగి, గ్లాసు బోర్లించి, వచ్చేశాను.

రెండు రోజుల తరువాత ఆయన మా ఇంటికి వచ్చారు. అలవాటు ప్రకారం పసుపు రాసిన నోటీసు నాకూ ఇచ్చారు, మా ఆవిడను కూడా పిలిచి చెప్పారు. అందులో ఈసారి ఇద్దరి పేర్లున్నాయి, అక్షర క్రమంలో, కాబట్టి నాది ముందు. ఇద్దరం కలిసి వెళ్ళి పిలుద్దాం రారా, విడివిడిగా వెళితే జనం రెండుగా చీలిపోతారు అన్నారు. శేషగిరి గారు నన్ను ముందే హెచ్చరించారు, ముసలాయన మెత్తగా బుట్టలో వేస్తాడు జాగ్రత్త అని. స్కూల్లో పరీక్షలున్నాయండి అన్నాను. అది అబద్ధమని ఆయనకు తెలుసు. పరీక్షలు ఎప్పుడుంటాయో ఊళ్ళో ఎవరికి తెలియదు? "సరే, చదువు ముందు" అని సైకిలెక్కారు. తన కోసం ఒక్క ఓటు కూడా అడగలేదని తరువాత తెలిసింది. ఓటు ఎవరికి వేసినా సరే, రావడం మాత్రం మానకండి అన్నారట, ప్రతి గుమ్మం దగ్గరా. నాకు ఓటేస్తామని ఆయన మొహాన్నే చెప్పిన ఇళ్ళకు కూడా రెండోసారి వెళ్ళారట.

ఆ ఆదివారం వచ్చినంత జనం మా క్లబ్బు చరిత్రలో ఎన్నడూ రాలేదు. ఆయన పిలిచిన జనమే ఏడు ఓట్ల తేడాతో ఆయన్ని ఓడించారు. పదవి దిగుతున్న సెక్రటరీగా ఫలితం ప్రకటించవలసింది ఆయనే. లేచి నిలబడి, నాకు వచ్చిన ఓట్లు ముందు, తనకు వచ్చినవి తరువాత చదివారు. తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళకి ఎలక్షను ఎలక్షనులా జరిగింది. నాకు సంతోషంగా ఉందిరా" అన్నారు. ఆ సంతోషం నిజమేనని నేను నమ్ముతాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు కూడా నిజమే.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను, చెప్పుకోదగ్గది కాదు కనుక. ఆరు నెలల్లో రెండో కోర్టు మీద షెడ్డు లేచింది. తీర్మానం మీద నా సంతకమే ఉంది. ఫ్లడ్‌లైట్లు వచ్చాయి, కానీ వాటి కింద ఆడే జనం తగ్గారు. సమావేశాలకు నేను బోర్డు మీద నోటీసు అంటించాను, సెల్‌ఫోన్లు ఉన్నవాళ్ళకు మెసేజ్‌లు పెట్టాను. ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆయన మాత్రం ప్రతి ఉదయం వచ్చి, మిగిలిన ఒక్క కోర్టుకూ ముగ్గుపిండితో గీతలు వేసి, రెండు ఆటలు ఆడి వెళ్ళేవారు. నన్ను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఈ వేసవిలో ఆయన రావడం మానేశారు. రెండు వారాలు గడిచాయి. మూడు వారాలు. ఆయన రోజుల్లో ఒక సభ్యుడు వారం రాకపోతే ఎనిమిదో రోజున ఆయన సైకిలు ఆ ఇంటి ముందుండేది. ఆయన ఇంటి ముందు మాత్రం ఎవరి సైకిలూ ఆగలేదు. గంగరాజు ఆ నెల వేట మీద సముద్రం వైపు వెళ్ళి ఉన్నాడు. తిరిగి వచ్చాక అతనే వెళ్ళి చూసి, గుండె బాగా నీరసించిందని, డాక్టర్లు మంచం దిగవద్దన్నారని నాతో చెప్పాడు.

ఆ సాయంత్రం వెళ్ళాను. మనిషి సగమయ్యారు. నన్ను చూడగానే లేచి కూర్చోబోయారు. క్షమించండి అనాలని దారంతా అనుకుంటూ వెళ్ళాను. సుభద్రమ్మ గారు, అంటే ఆయన సతీమణి, కాఫీ తెచ్చి అక్కడే నిలబడ్డారు. ఆవిడ ముందు మాట రాలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"జనరల్ బాడీ ఎప్పుడు?"

"నెలాఖరునండి."

"పిలుపులు అయ్యాయా?"

"బోర్డు మీద పెట్టానండి."

"క్లబ్బుకొచ్చి బోర్డు చదివేవాడు ఎలాగూ వస్తాడురా. రానివాడికి కదా పిలుపు" అన్నారు. కోపం లేదు ఆ మాటలో. లెక్క తప్పిన పిల్లవాడికి రెండోసారి చెప్పినట్టు చెప్పారు. "ఈసారి నేనే తిరుగుతానండి, రేపటి నుంచే మొదలుపెడతాను" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని, "అయితే నన్ను చూడ్డానికి రాకు. అవి అయ్యాకే రా. అందరూ ఏమన్నారో చెబుదువుగాని" అన్నారు.

మర్నాడు స్కూల్లో ఇన్‌స్పెక్షను. ఆ మర్నాడు వర్షం. ఒక్క ఇంటికీ వెళ్ళలేదు. పిలుపులు కాకుండా ఆయనకు ముఖం చూపించలేక ఆ ఇంటికీ వెళ్ళలేదు. పదకొండో రోజున గంగరాజు గేటు దగ్గర నిలబడ్డాడు.

దహన సంస్కారాలు అయ్యాక సుభద్రమ్మ గారికి నమస్కరించడానికి వెళ్ళాను. నన్ను చూసి ఆవిడ ఓపిక చేసుకుని మాట్లాడారు.

"మూర్తి మళ్ళీ రాలేదేంటండీ అని నేనంటే, పిలుపులకి తిరుగుతున్నాడే, నూటయాభై ఇళ్ళు, అంత తొందరగా తెమలదు అన్నారు బాబూ. ఆ చివరి రోజు కూడా అడిగారు, ఎంతవరకూ వచ్చాడో అని."

అవునండి అని ఒక్క మాట అంటే ఆవిడకు ఊరటగా ఉండేది. అనలేకపోయాను. తిరగలేదమ్మా అని చెప్పే ధైర్యమూ చాలలేదు. ఆయన నన్ను నమ్మి పోయారు. నేనెరిగిన శిక్షల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

మొన్న ఆదివారం సంతాప సభ పెట్టాను. ఆయన సేవలను స్మరిస్తూ సర్వసభ్య సమావేశం తీర్మానం చేయాలని కమిటీ సంకల్పం. వ్యవధి లేదని బోర్డు మీద రాయించి, మెసేజ్‌లు పంపించాను. పూలదండ వేసిన ఫొటో బల్ల మీద పెట్టాం. అయిదింటికి పధ్నాలుగు మందిమి. అయిదున్నరకూ పధ్నాలుగు మందిమే. శేషగిరి గారు వాచీ చూసుకుని, "సంతాప తీర్మానానికి కూడా కోరం ఏంటండీ. ఒక యాభై పేర్లు రాసేయండి మాస్టారూ, ఎవరు కాదంటారు" అన్నారు. పెన్ను తీశాను. ఎదురుగా ఆయన ఫొటో ఉంది. రాయలేకపోయాను. కోరం లేనందున సభను వచ్చే ఆదివారానికి వాయిదా వేస్తున్నానని ప్రకటించాను. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఒక్క సభనూ వాయిదా వేయలేదు. ఆయన కోసం పెట్టిన సభను నేను వాయిదా వేశాను.

కుర్చీలు మడుస్తూ గంగరాజు నా పక్కకు వచ్చాడు. "ఆయన సంతాప సభకి జనాన్ని తీసుకురావాలన్నా ఆయనే కావాలండి మాస్టారూ" అన్నాడు. నిందించలేదు, ఉన్న మాట చెప్పాడు.

సోమవారం నుంచి తిరుగుతున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, తెలుసు. రిజిస్టర్లో పేర్లున్నాయి గానీ ఇంటి నంబర్లు లేవు. ఆయనకు అవసరం లేకపోయింది. మా సభ్యుల్లో సగం మంది ఏ సందులో ఉంటారో సెక్రటరీనైన నాకు తెలియదు. గంగరాజు దారి చూపిస్తే, అడుగుతూ అడుగుతూ వెళుతున్నాం. మొట్టమొదట వెళ్ళింది కొత్తపేట వీధి చివర ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు గారింటికి. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా గడప దాటని మనిషి. గేటు చప్పుడుకు బయటికి వచ్చి, నన్ను చూసి, నా చేతిలో కాగితాలు చూసి, నవ్వుతూ చేతులు జోడించారు.

"ఎలక్షన్లొచ్చాయేంటండీ మాస్టారూ?"

"కాదండి. సూర్యప్రకాశరావు గారు పోయారు. వారమైంది."

ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది, ఎక్కడికి పోవాలో తెలియనట్టు. మెల్లగా అరుగు మీద కూలబడ్డారు.

"వారమా? ఇదే ఊళ్ళో ఉన్నానండి నేను. నాకెవరూ చెప్పలేదేంటండీ?"

"ఇంటికొచ్చి చెప్పే మనిషే పోయారండి" అన్నాను.

గురువర్యా, సభ ఈ ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు. ఇప్పటికి అరవై రెండు గడపలు తొక్కాను, ఇంకా ఎనభై ఎనిమిది ఉన్నాయి. కోరం కుదరవచ్చు, తీర్మానం కావచ్చు. పిలుపులయ్యాకే రమ్మన్నారు. ఎవరెవరు ఏమన్నారో అన్నీ గుర్తుపెట్టుకుంటున్నాను. ఎవరికి వచ్చి చెప్పను?